లోపలి ఊరు

సంక్రాంతి దాటిందంటే మా అమ్మ పేపరు కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఆమెకు అక్షరాలు అంతగా రావు, అంకెలు మాత్రం బాగా వస్తాయి. జిల్లా పేజీలో ఒక మూల శ్రీశైలం జలాశయం నీటిమట్టం వేస్తారు. వేలితో ఆ చిన్న గడిని వెతికి పట్టుకుని "ఎనిమిది వందల డెబ్బై రెండు" అని పైకి చదువుతుంది. మర్నాడు మళ్లీ. ఒక అడుగు దిగితే ఆ రోజు ఇంట్లో కూర బాగుంటుంది. ఎగువ నుంచి నీళ్లొచ్చి అంకె అక్కడే నిలిచిపోతే పేపరును మడిచి పక్కన పడేస్తుంది, మధ్యాహ్నం దాకా మాట్లాడదు.

ఆమె దగ్గర ఒక లెక్క ఉంది. ఎక్కడా రాసుకున్నది కాదు, నోటి లెక్క. 862కు దిగితే సుంకులమ్మ గుడి రాళ్లు కనబడతాయి. 857కు మా వీధి. 853కు ఊరి మంచినీళ్ల బావి. ఇంకా కిందికి పోతే వాగు ఒడ్డున ఉన్న మామిడితోట మొదళ్లు. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అంటే వానలు బాగా కురిసి, జనమంతా టీవీల ముందు కూర్చుని గేట్లెత్తడం చూసి సంతోషించే రోజున మా బావి గట్టు మీద 32 అడుగుల నీళ్లు నిలబడి ఉంటాయి. ఆ సంతోషాన్ని నేను కాదనను. ఆ నీళ్లతోనే ఎన్నో చేలు పండుతున్నాయి, ఎన్నో ఊళ్ల గొంతులు తడుస్తున్నాయి. కానీ ఆ రోజు అమ్మ మాత్రం టీవీ గదిలోకి రాదు.

మా ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ పలకరు. "లోపలి ఊరు" అంటారు. ఇళ్లు పోయినవాళ్లకు చూపించిన చోటికి అదే పేరు ముందు 'కొత్త' చేర్చి పెట్టారు, దాన్ని మేము "గట్టు మీది ఊరు" అంటాం. "ఈ గుండ్రాయి లోపలి ఊరిదా, గట్టు మీదిదా?" అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతారు. పిల్లలు కూడా ఆ మాటలే నేర్చుకున్నారు. ఇక్కడ నేనూ అలాగే రాస్తాను.

నేను కర్నూలు పాతబస్తీలో బట్టలు కుడతాను. ముప్పై ఏళ్లయింది. జాకెట్లు, పిల్లల గౌన్లు, పెళ్లిళ్ల కాలంలో పని ఎక్కువ. నా గురించి ఇంత చెప్పడం ఎందుకంటే, తర్వాత చెప్పబోయే పటం సంగతిలో కుట్టుపనికి సంబంధం ఉంది.

సముద్రంలో కొన్ని దీవులు ఆటుపోట్లను బట్టి దారి ఇస్తాయి. ముంబయిలో మా పిన్ని కొడుకు ఇంటికి వెళ్లినప్పుడు హాజీ అలీ దర్గా చూశాను. పోటు సమయంలో దర్గాకు వెళ్లే దారి నీళ్ల కింద ఉంటుంది. జనం ఒడ్డున కూర్చుని, పల్లీలు తింటూ, నీళ్లు తగ్గేదాకా ఆగుతారు. తగ్గగానే లేచి నడిచిపోతారు. వాళ్లు ఎదురుచూసే తీరు నాకు బాగా తెలిసినట్టే అనిపించింది. అయితే సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, రెండుసార్లు పోతుంది. మా ఊరు ఉండిన దిబ్బకు ఏడాదికి ఒకటే పోటు, ఒకటే ఆటు. జులై ఆగస్టుల్లో కృష్ణ మీద వరద వస్తే మునుగుతుంది, ఫిబ్రవరి చివరికి తల బయటపెడుతుంది. అప్పటికీ చుట్టూ నీళ్లే, ఒక చిన్న దీవి. వాగు ఎండి ఒడ్డుతో కలవాలంటే ఏప్రిల్ రావాలి. వానలు బాగా పడిన ఏడాది కలవను కూడా కలవదు.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట కరెంటు కోసమే అనుకున్నది. నేను పుట్టేసరికి ఆ మాట ఊళ్లో పాతబడి ఉండేదట. ఏదో ఒక రోజు నీళ్లొస్తాయని అందరికీ తెలుసు, వస్తాయని ఎవరూ నమ్మలేదు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణా తుంగభద్రల ఒడ్డున దాదాపు వంద ఊళ్లు పోయాయి. మావైపు ఇప్పుడు ఎవరైనా వచ్చి చూసేది ఒక్క సంగమేశ్వరమే.

సంగమేశ్వరం గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అని ఏడు పేర్లు చెప్పి సప్తనదీ సంగమం అంటారు. మా అవ్వ ఆ ఏడు పేర్లూ తప్పుపోకుండా చెప్పి, "ఆరుగురు ఆడవాళ్లు, భవనాశి ఒక్కడే మగవాడు" అనేది. అక్కడి లింగం రాతిది కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకుంటే, లింగం తేవడానికి వెళ్లిన భీముడు వేళకు రాలేదట. ఋషులు చెబితే వేప మొద్దునే నిలిపారు. తర్వాత వచ్చిన భీముడు కోపంతో తాను తెచ్చిన లింగాన్ని విసిరేశాడు. ఇదీ కథ. ఆ గుడి 1981లో మునిగింది. మళ్లీ 2003లో గాని బయటపడలేదు. ఆ తర్వాత నీళ్లు బాగా దిగిన ఏడాదల్లా కనబడుతోంది. నీటిమట్టం 840 అడుగుల దరిదాపులకు వస్తే చాలు, జనం పడవల్లో బయలుదేరతారు. మొండి గోడల మధ్య వేపలింగానికి పూజలు జరుగుతాయి. నీళ్లు తిరిగి వచ్చేటప్పుడు చివరి పూజ చేసి వస్తారు.

నేనూ వెళ్లాను, దండం పెట్టుకున్నాను. అన్నేళ్లు నీళ్లలో ఉండి కూడా ఆ మొద్దు నిలిచి ఉందంటే ఎవరికైనా చేతులు జోడించాలనిపిస్తుంది. కాని పడవలో నా పక్కన కూర్చున్నావిడ చుట్టూ చూసి "ఈ నీళ్ల మధ్యలో, మనుషులే లేని చోట గుడి ఎవరు కట్టారో పాపం!" అంది. అప్పుడు మా పడవ ఒక ఊరి మీదుగా పోతోంది. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. ఆవిడ తప్పు ఏమీ లేదు. గుడి కనబడుతుంది, ఊరు కనబడదు, అంతే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మునకకు ముందు చాలా గుళ్లను కాపాడారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని, పాపనాశి గుళ్లను విప్పి అలంపురం దగ్గర మళ్లీ కట్టారు. రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు పక్కన జగన్నాథ గట్టు మీదికి తెచ్చారు. ఏ రాయి ఎక్కడిదో తప్పిపోకుండా గుర్తులు పెట్టి, అదే వరసలో పేర్చారు. ఎంతో ఓపికతో చేసిన గొప్ప పని అది. నేను జగన్నాథ గట్టుకు వెళ్లినప్పుడల్లా ఆ గోడల మీద చెయ్యి వేసి చూస్తాను. మా ఇళ్లకు కూడా నంబర్లు వేశారు. ఎర్ర రంగుతో, తలుపు పక్కన గోడకు. మాది 61.

1981 జూన్. నాకు పదేళ్లు. ఎండాకాలం సెలవులు ఇచ్చారు, మళ్లీ బడి తెరవలేదు. బడి కప్పునే మొదట విప్పారు. మావి మట్టి మిద్దెలు. రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మట్టి. నాన్న, చిన్నాయన కలిసి మిద్దె విప్పడానికి మూడు రోజులు పట్టింది. దూలాలు టేకువి, తాత కాలం నాటివి, వాటిని వదులుకుంటే కొత్తచోట ఇల్లు లేవదు. మిద్దె తీసేసిన రోజు రాత్రి ఇంట్లో పడుకుని చూస్తే చుక్కలు కనబడ్డాయి. నాకు అది పండుగలా ఉంది. ఇప్పుడు తలచుకుంటే నా పక్కన పడుకున్న అమ్మ ఎటు తిరిగి పడుకుందో గుర్తు చేసుకోవాలని ప్రయత్నిస్తాను, గుర్తురాదు.

జొన్నపాతర తీసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. మా వీధిలో ఇళ్ల ముందే పాతరలు ఉండేవి. భూమిలోకి కుండలా తవ్వి, అడుగున, పక్కలకు గడ్డి పరిచి, జొన్నలు పోసి, పైన రాయి మూసి మట్టి కప్పేవాళ్లు. మూత తీయగానే లోపలికి దిగకూడదు, ప్రాణం పోతుంది. ఒక పూట గాలి ఆడనిచ్చి, దీపం దించి చూసి, అప్పుడు మనిషి దిగాలి. ఆ ఏడాది ఊరంతా ఒకేసారి పాతరలు తెరిచింది. పాత జొన్నల పులిసిన వాసన వీధుల్లో నాలుగు రోజులు నిలిచిపోయింది. ఆడవాళ్లంతా గడపల ముందు కూర్చుని జల్లించడం, చెరగడం, మూటలు కట్టడం. ఒకరి చేట ఒకరు, ఒకరి జల్లెడ ఒకరు తీసుకున్నారు.

అవ్వ రోలు దగ్గర కూర్చుండిపోయింది. అది నేలలో పాతిన రోలు, ముగ్గురు మగవాళ్లు కలిసి కదిపినా కదల్లేదు. లారీ ఎక్కమని నాన్న బతిమాలాడు, ఖాళీ చేయించడానికి వచ్చినవాళ్లు గట్టిగా చెప్పారు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చీర కొంగుతో రోటిని లోపలంతా తుడిచింది. పండుగకు ముందు తుడిచినట్టే తుడిచింది. తర్వాత లేచి వచ్చింది. పీర్ల చావిడిలోని పీర్లను పట్టుబట్టలో చుట్టి, ముజావరు తాత ఒళ్లో పెట్టుకుని ఎద్దుల బండి మీద ముందు కూర్చున్నాడు. మొహర్రం కాకుండా పీర్లు ఊరేగడం ఊరివాళ్లు చూసింది అదొక్కసారే. దారి పొడవునా ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోశారు. హిందువులు, ముస్లింలు అని లేదు, మావైపు ఊళ్లలో పీర్ల పండుగ అందరిదీ.

గట్టు మీది ఊరి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గరుసు నేల. చెట్టు లేదు. మొదటి వేసవి రేకుల కింద గడిచింది. నీళ్లకు మైలు దూరం. కింద అంత నీళ్లు నిండి కనబడుతుంటే, ఖాళీ బిందె పట్టుకుని పైన నిలబడటం ఎలా ఉంటుందో అమ్మ ఒకసారి చెప్పబోయి ఆపేసింది. నష్టపరిహారం విడతలు విడతలుగా వచ్చింది, వచ్చింది వచ్చినట్టే ఖర్చయింది. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది, భూములు, ఇళ్లు పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అని. మా అన్న దరఖాస్తు పెట్టాడు. కాలువల మీద లష్కరు పని అయినా చాలనుకున్నాడు. పిలుపు కోసం చూసి చూసి వయసు దాటిపోయింది. ఇప్పుడు వాడు నందికొట్కూరులో మోటార్లు బాగుచేస్తాడు. ఆ జీవో నంబరు మా ఇంట్లో పుట్టినరోజుల్లాగా అందరికీ నోటికి వచ్చు.

నాకు పెళ్లయి కర్నూలు వచ్చాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఇల్లు తుంగభద్రకు దగ్గర. 2009 అక్టోబరు 2 తెల్లవారుజామున, హంద్రీ, తుంగభద్ర రెండూ కలిసి ఊరి మీదికి వచ్చాయి. శ్రీశైలంలో నీటిమట్టం 896 అడుగులు దాటింది. నాటకంలో చెప్పినట్టు ఉంటుంది కాని జరిగింది ఇదే. ఒకసారి నీళ్లకు ఇల్లు వదిలేసిన మనిషి, ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత మా మేడ మెట్ల మీద కూర్చుని నీళ్లు ఎక్కడం చూసింది. ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టింది. అప్పటినుంచే అంకెల మీద ఆమెకు అంత పట్టింపు వచ్చిందని నేను అనుకుంటాను. పైన ఇంటి వాళ్లు రెండు రాత్రులు మమ్మల్ని ఉంచుకుని అన్నం పెట్టారు. నీళ్లు తగ్గాక కిందికి దిగితే మోకాలి లోతు బురద. ఇనుప పెట్టెలో దాచిన కాగితాలన్నీ పోయాయి. పాత ఇంటి పట్టా, పరిహారం రసీదులు, తాత ఫోటో, గుడి ముందు ఊరివాళ్లంతా నిలబడి దిగిన ఒకే ఒక్క ఫోటో. అటక మీద పెట్టిన వంటసామాను మాత్రం మిగిలింది.

లోపలి ఊరు ఉండేదని చెప్పడానికి ఇక మా దగ్గర ఏ ఆధారమూ లేదు, అమ్మ తప్ప. పటం పని అప్పుడు మొదలుపెట్టాను.

నాకు పటాలు గీయడం రాదు. కాని కొలతను కాగితం మీద పెట్టడం వచ్చు. జాకెట్లు కత్తిరించడానికి వాడే ఖాకీ కాగితం చుట్ట ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని నేల మీద పరిచి, మధ్యలో సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి "ఇది బావి. ఇక్కడినుంచి మన గడప ఎంత దూరం?" అని అడిగాను. అడుగుల్లో చెబుతుందేమో అనుకున్నాను. అమ్మ కాసేపు ఆలోచించి "రెండు చంకల దూరం" అంది.

అర్థం కాలేదు. నిండు బిందె చంకన పెట్టుకుని బావి దగ్గర బయలుదేరితే, మా గడప చేరేలోపు బిందెను రెండుసార్లు చంక మార్చుకోవాలట. మొదటిసారి రచ్చకట్ట అరుగు దగ్గర, రెండోసారి గానుగ ఇంటి గోడ దగ్గర. పెళ్లయిన రోజునుంచి ఊరు వదిలే రోజు దాకా రోజుకు ఎనిమిది బిందెలు. ఊరంతా ఆమెకు అలాగే గుర్తుంది. ఫలానా ఇల్లు ఒక చంక దూరం, ఫలానాది చంక మార్చనవసరం లేనంత దగ్గర. ఇళ్లు ఎవరివో కూడా ఇంటిపేర్లతో చెప్పదు. "తోడుకు పెరుగు అడిగే ఇల్లు", "నిప్పు తెచ్చుకునే ఇల్లు", "ప్రసవానికి మంచం ఇచ్చినవాళ్లు." నేను రాసుకుంటూ పోయాను. ఊరినుంచి వచ్చి కర్నూల్లో, నందికొట్కూరులో, ఆత్మకూరులో స్థిరపడిన పెద్దవాళ్లను ఒక్కొక్కరినీ కలిశాను. ముజావరు తాత కూతురు పీర్ల చావిడి చుట్టూ ఉన్న పద్నాలుగు ఇళ్లు ఒక్క ఊపులో చెప్పింది. చాకలి పెద్దాయన ఒకాయన కళ్లు కనబడకపోయినా వీధి వీధి తిప్పి చూపించాడు. ప్రతి ఇంటి గడపకూ ఎన్ని మెట్లో ఆయనకు తెలుసు. మూటలు మోసినవాడు కదా. ఇప్పటికి 118 ఇళ్లు పటం మీదికి వచ్చాయి. కాగితాలు అతికించి అతికించి ఇప్పుడు అది ఒక దుప్పటంత అయింది.

మొన్న మార్చి మూడోవారంలో పేపర్లో అంకె 853 అని చూసి, అమ్మ నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు. నేను చేతిలో ఉన్న జాకెట్టు పక్కన పెట్టి, అన్నకు ఫోను చేశాను.

పొద్దున్నే బస్సులో నందికొట్కూరు, అక్కడినుంచి ఆటో. ఒడ్డు నుంచి దిబ్బకు ఇంకా వాగు అడ్డం ఉంది. పుట్టిలో దాటాం. డెబ్బై అయిదేళ్ల మనిషిని పుట్టిలో కూర్చోబెట్టడానికి నేను భయపడ్డాను, ఆమె భయపడలేదు. దిబ్బ ఎక్కితే ఒండ్రు ఎండి అరచేయి వెడల్పు నెర్రెలు విచ్చింది. ఎక్కడ చూసినా నత్తగుల్లలు. నీళ్లు ముందుగా దిగిన వైపు లేత పచ్చిక. గోడలేవీ లేవు, పునాది రాళ్ల వరసలు ఉన్నాయి. చూసి అలవాటు లేనివాళ్లకు అవి ఉత్త రాళ్లు. అమ్మ నేరుగా బావి దగ్గరికి నడిచింది. బావి పూడిపోయింది, గట్టు రాళ్ల మీద తాడు ఒరిపిడి గాట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వేలు పెట్టి చూసుకుంది.

టేపు తీసుకుపోయాను కాని నా టేపు అరవై అంగుళాలే. దానితో వీధి కొలవాలంటే సాయంత్రమవుతుంది. అమ్మ సంచిలో ఒక పాత నేత చీర ఉంది. చీర అయిదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు, అది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఒక కొస అన్న పట్టుకున్నాడు, ఇంకో కొస నేను. బావి గట్టునుంచి పరుస్తూ, గుర్తు పెడుతూ నడిచాం. నాలుగో చీర అయ్యేసరికి కాలికి బండలు తగిలాయి, రచ్చకట్ట అరుగు. ఏడో చీర దాటి ఎనిమిదో దానిలో గానుగ ఇంటి మూల. గానుగ రాయి సగం పూడి ఇంకా అక్కడే ఉంది. పదకొండో చీర చివర మా గడప. నలభై నాలుగేళ్ల తర్వాత కూడా అమ్మ నోటి లెక్క ఎక్కడా తప్పలేదు. పటం మీద నేను ఒక చీరకు ఒక అంగుళం వేసుకున్నాను.

మా గడప ముందు పొగ లేస్తోంది.

వేసవిలో జలాశయం మీద చేపలు పట్టడానికి ఉత్తరాంధ్ర వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. నీళ్లు ఎక్కడ దిగితే అక్కడికి గుడిసెలు జరుపుకుంటూ పోతారు. మా వీధిలో మూడు గుడిసెలు. రచ్చకట్ట పక్కన వలలు ఆరేశారు. ఒకామె, నలభై ఏళ్లుంటాయేమో, మా గడప రాయిని ఆనుకుని మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని అన్నం వండుతోంది. మేము చీర పరుచుకుంటూ రావడం చూసి లేచి నిలబడింది. ఏదో సర్వే అనుకుని భయపడినట్టుంది.

"ఇక్కడ ఊరుండేదమ్మా. ఇది మా ఇల్లు" అని అన్న చెప్పాడు.

ఆమె గబగబా పొయ్యి తీసేయబోయింది. "తెలియక పెట్టానండి మామ్మగారూ. అయిదేళ్లనుంచి ప్రతి ఏడూ ఇక్కడే పెడుతున్నాను, గాలి తగలదని."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీ తల్లీ. నా పొయ్యి కూడా ఆ గోడ వైపే ఉండేది. పడమటి గాలి అక్కడికి రాదు" అంది. తర్వాత ఇద్దరూ ఆ గడప మీదే కూర్చున్నారు. ఆమె పిల్లలు ఎక్కడ చదువుతున్నారని అమ్మ అడిగింది. ఆమె ఇక్కడ పంట ఏమి పండేదని అడిగింది. జొన్న, కొర్ర, వేరుశనగ, మిరప అని అమ్మ వేళ్ల మీద చెప్పింది. అవ్వ రోలు కోసం నేను పెరటివైపు వెతికాను. ఒండ్రు కింద ఉందో, ఎవరైనా తవ్వుకుపోయారో, కనబడలేదు. అంత బరువు రాయి కొట్టుకుపోయి ఉండదు. వచ్చే ఏడాది గునపం తీసుకుపోవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె రెండు బొచ్చె చేపలు ఆకులో చుట్టి ఇచ్చింది, డబ్బులు తీసుకోలేదు.

అమ్మ ఏడుస్తుందేమో అని దారి పొడవునా చూశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపటికి "ఇంట్లో పొయ్యి వెలుగుతోంది" అంది, అంతే. ఆ రాత్రి పటం పరిచి కొలతలు సరిదిద్దుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. 61వ నంబరు గడి మీద వేలు పెట్టి, "ఆ అమ్మాయి పొయ్యి కూడా వెయ్యి" అంది. వేశాను.

పటంలో ఇంకా ముప్పై ఇళ్లదాకా ఖాళీగా ఉన్నాయి. చెప్పగలిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. చాకలి పెద్దాయన ఈ ఉగాదికి ముందే వెళ్లిపోయాడు. మీ ఇంట్లో కూడా లోపలి ఊరు ఒకటి ఉంటే, అది మా ఊరే కానక్కరలేదు, పెద్దవాళ్లను ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఊరి చరిత్ర చెప్పమంటే వాళ్లకు ఏమీ గుర్తురాదు. నీళ్లకు ఏ దారిన పోయేవాళ్లు, పెరుగు ఎవరిని అడిగేవాళ్లు అని అడిగితే వీధులు వాటంతటవే వస్తాయి.

ఒక ఇంటి సంగతి మాత్రం ఇక్కడ ప్రత్యేకంగా అడగాలి. బావికి ఉత్తరం వైపు, చంక మార్చనవసరం లేనంత దగ్గరలో, వేపచెట్టు కింద చిన్న మిద్దె. అందులో ఉన్నామెకు అప్పటికి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. ఊరంతా "కొత్తకోడలు" అనే పిలిచేది, పేరు అడిగే పని ఎవరికీ పడలేదు. సన్నగా, పొడుగ్గా ఉండేదట, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. తుంగభద్రకు అవతలి ఒడ్డున ఏదో ఊరి నుంచి వచ్చింది, ఊరు ఖాళీ చేశాక ఆ కుటుంబం అటే వెళ్లిపోయింది. పాతరలు తీసిన వారం అమ్మ ఆమె దగ్గర జల్లెడ తీసుకుంది, ఇత్తడి పట్టీ ఉన్న జొన్నల జల్లెడ. మూటలు కట్టే హడావుడిలో తిరిగి ఇవ్వలేకపోయింది. అటక మీద ఉండబట్టి 2009లో మిగిలింది. ఇప్పుడు ఆమెకు అరవై దాటి ఉంటాయి. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. జల్లెడ మా దగ్గరే ఉంది, అమ్మ నిన్న కూడా చింతపండు పెట్టి పట్టీ తోమింది.